దీర్ఘకాలిక నడుము నొప్పికి డీప్ టిష్యూ మసాజ్: ఎంత లోతుగా నొక్కాలి, ఎవరి చేత చేయించుకోవాలి?

గచ్చిబౌలి బాటసారి

సభ్యులందరికీ నమస్కారం. నా వయసు 42. రోజంతా కంప్యూటరు ముందు కూర్చుని చేసే ఉద్యోగం. ఏడాది కాలంగా నడుము కింది భాగంలో, కుడి పిరుదుకు కాస్త పైన, ఒక మొండి నొప్పి వస్తూ పోతూ ఉంది. అది కాలిలోకి దిగడం లేదు, తిమ్మిరి లేదు. ఎముకల వైద్యుడు పరీక్షించి, ఎంఆర్ఐ చూసి, ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుములోని నాలుగు, అయిదు వెన్నుపూసల మధ్య, మెత్తటి దిండులా ఉండే డిస్కు కొద్దిగా ఉబ్బిందని, ఆపరేషన్ అవసరమేమీ లేదని, వ్యాయామం చేయమని చెప్పారు. వ్యాయామం మొదలుపెట్టిన ప్రతిసారీ నడుము బిగుసుకుపోయి మధ్యలో ఆగిపోతున్నాను.

ఆఫీసులో కొందరు డీప్ టిష్యూ మసాజ్ చేయించుకోమంటున్నారు. గట్టిగా, కళ్లలో నీళ్లు తిరిగేంతగా నొక్కితేనే లోపలి ముడులు విడిపోతాయని వారి అభిప్రాయం. ఇది నిజమేనా? డిస్కు ఉబ్బు ఉన్నవారు చేయించుకోవచ్చా? స్పాకు వెళ్లాలా, ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లాలా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సందేహి

మీ ప్రశ్నలలో ముఖ్యమైనది నొక్కుడు ఎంత గట్టిగా ఉండాలన్నది. దానికి నేరుగా సమాధానం చెప్పే అధ్యయనం ఒకటి ఉంది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో, దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 401 మందిని మూడు జట్లుగా విభజించి చేసిన ఆ పరిశోధన 2011లో వెలువడింది. ఒక జట్టుకు కండరాలను, వాటి పొరలను వెతికి పట్టుకుని లోతుగా చేసే మసాజ్, రెండవ జట్టుకు ఒళ్లు తేలికపడేలా మెత్తగా చేసే మసాజ్, వారానికి ఒకసారి చొప్పున పది వారాల పాటు చేశారు. మూడవ జట్టు వారు మామూలుగా తీసుకునే వైద్యాన్నే కొనసాగించారు. పది వారాల తరువాత, నొప్పి బాగా తగ్గిందనో పూర్తిగా పోయిందనో చెప్పినవారు రెండు మసాజ్ జట్లలోనూ మూడింట ఒక వంతుకు పైగా ఉన్నారు. మూడవ జట్టులో అటువంటివారు పాతిక మందికి ఒక్కరు మాత్రమే. అయితే లోతైన మసాజుకూ మెత్తటి మసాజుకూ మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఏడాది గడిచేసరికి ఆ లాభం కూడా చాలావరకు పలచబడిపోయింది.

కనుక మసాజ్ పని చేయదని నేను అనడం లేదు. గట్టిగా నొక్కడం వల్లనే పని చేస్తుందన్న మాటకు మాత్రం ఆధారం లేదంటున్నాను. వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి తూచి చూసే కాక్రేన్ సంస్థ 2015లో వెలువరించిన సమీక్ష 25 పరిశోధనలను పరిశీలించి, మసాజ్ వల్ల కొద్దికాలం ఉపశమనం కనిపించినా ఆ ఆధారాల నాణ్యత చాలా తక్కువగా ఉందని తేల్చింది. కొందరికి మసాజ్ తరువాత నొప్పి పెరిగిందని కూడా అదే సమీక్ష నమోదు చేసింది.

సాగరతీర ఫిజియో

నేను విశాఖపట్నంలో ఫిజియోథెరపిస్టుగా పని చేస్తున్నాను. సందేహి గారు చెప్పినది సరైనదే. అయినా రోగులకు ఈ పద్ధతిని నేను ఎందుకు వాడుతున్నానో, ఎలా వాడుతున్నానో చెప్తాను.

డీప్ టిష్యూ మసాజ్ అంటే బలంగా చేసే మసాజ్ అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నెమ్మదిగా చేసే మసాజ్. నూనె చాలా తక్కువగా రాస్తాం. చేయి జర్రున జారిపోతే కండరం మీద పట్టు దొరకదు. పిడికిలి మెటికలతోనో, మోచేతికి కింది భాగంతోనో త్రికం, అంటే వెన్ను అడుగున ఉండే ముక్కోణపు ఎముక, దగ్గర నుంచి పైకి, వెన్నుపూసలకు రెండు పక్కలా నిలువుగా ఉండే కండరాల వెంట, ఒక్కొక్క వేలి వెడల్పు చొప్పున కదులుతాం. కండరం ఎదురు తిరిగితే అక్కడే ఆగి, ఊపిరి రెండు మూడు సార్లు వదిలేదాకా ఎదురుచూసి, అది సడలిన తరువాతే ముందుకు వెళ్తాం.

నడుము నొప్పి అన్నప్పుడు చేయి నడుము మీదే ఉండనక్కరలేదు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక అంచుకూ మధ్య క్వాడ్రేటస్ లంబోరం అనే కండరం ఉంటుంది. గంటల తరబడి ఒక పక్కకు ఒరిగి కూర్చునేవారిలో అది తాకితే చాలు నొప్పి పుట్టేలా ఉండడం తరచుగా చూస్తాం. దానిని అందుకోవాలంటే రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. మీరు చెప్పిన చోట, అంటే పిరుదు పైభాగంలో, గ్లూటియస్ మీడియస్ అనే కండరం ఉంది. దాని నొప్పిని నడుము నొప్పిగా పొరబడడం మామూలే. ఇంకా కిందికి వెళ్తే పిరిఫార్మిస్ అనే కండరం ఉంటుంది. చాలామందిలో సయాటిక్ నాడి దాని కిందుగానే సాగుతుంది కనుక అక్కడ మోచేత్తో గుచ్చినప్పుడు కాలిలోకి కరెంటు కొట్టినట్టు జలదరింపు దిగితే, దానిని "ముడి దొరికింది" అనుకోకుండా వెంటనే చేయి తీసివేయాలి. వెన్నుపూసల మొనల మీద గానీ, చివరి పక్కటెముక మీద గానీ, మూత్రపిండాలు ఉండే పక్క భాగం మీద గానీ బరువు మోపకూడదు.

ఇక గట్టితనం సంగతి. సున్నా నుంచి పది వరకు కొలత వేసుకుంటే, ఐదారు దగ్గర "నొప్పిగానే ఉంది కానీ హాయిగా ఉంది" అనిపించే స్థితి ఒకటి వస్తుంది. అది చాలు. మీరు ఊపిరి బిగబట్టినా, కాలి వేళ్లు ముడుచుకున్నా, పళ్లు బిగించినా ఆ హద్దు దాటినట్టే. అప్పుడు కండరం తనను తాను కాపాడుకోవడానికి మరింత బిగుసుకుంటుంది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నొక్కడం వల్ల మిగిలేది రెండు రోజుల పచ్చి నొప్పి, ఒక్కోసారి చర్మం కింద కమిలిన మచ్చలు.

పెన్న ఒడ్డు పెద్దాయన

నాయనా, మా రోజులలో నడుము పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లను పిలిపించి నడుము తొక్కించుకునేవారు. నేనూ తొక్కించుకున్నవాడినే. పొద్దున తొక్కితే సాయంత్రానికి లేచి పొలానికి వెళ్లినవారు మా ఊరిలో ఎంతమందో ఉన్నారు. ఇప్పుడు మీరు మోచేత్తో చేస్తున్నది అప్పుడు కాలితో చేశారు, అంతే కదా. పిసికితే కండరంలో చేరిన మలినాలు, లాక్టిక్ ఆమ్లం కరిగిపోతాయని మా అబ్బాయి ఎక్కడో చదివి చెప్పాడు. పాతకాలపు పద్ధతులన్నీ మూఢనమ్మకాలని కొట్టిపారేయకండి.

సందేహి

పెద్దాయన గారూ, ఉపశమనం కలిగిందన్న మీ అనుభవాన్ని నేను కాదనను. కానీ అకస్మాత్తుగా పట్టేసిన నడుములో అధికభాగం, తొక్కించుకున్నా తొక్కించుకోకపోయినా, కొద్ది వారాలలో తనంతట తానే సర్దుకుంటుంది. కనుక తొక్కిన మనిషికి రావలసిన దానికన్నా ఎక్కువ పేరే వస్తుంది. మనిషి బరువంతా ఒక్కసారి వెన్ను మీద పడడం మాత్రం ప్రమాదకరం. ఎముకలు గుల్లబారిన వయసువారికి వెన్నుపూస నలిగిపోవడానికి అంతకన్నా తక్కువ బరువైనా చాలు.

లాక్టిక్ ఆమ్లం విషయానికి వస్తే, గట్టిగా శ్రమించినప్పుడు పెరిగే ఆ పదార్థాన్ని శరీరం సుమారు గంటలోపే వాడుకుని మామూలు స్థాయికి తెచ్చుకుంటుంది. నెలల తరబడి నడుములో పేరుకుని ఉండడం జరగదు. మసాజ్ తరువాత మలినాలు బయటకు పోవడానికి లీటర్ల కొద్దీ నీళ్లు తాగాలన్నదీ ఇటువంటి మాటే. దాహం వేస్తే తాగండి, అది చాలు.

తైలధార

నేను విజయవాడలో ఆయుర్వేద వైద్యురాలిని. చర్చ అంతా నొక్కుడు చుట్టూ తిరుగుతోంది కనుక ఒక విషయం చేరుస్తాను. మా సంప్రదాయంలో అభ్యంగానికి, అంటే నూనె మర్దనకు, బలం ప్రధానం కాదు. వెచ్చదనం, నూనె, లయ ప్రధానం. కటి శూలకు, అంటే నడుము నొప్పికి, మేము ఎక్కువగా చేసే కటివస్తిలో అసలు పిసకడమే ఉండదు. నడుము మీద మినప పిండి ముద్దతో గుండ్రంగా గోడ కట్టి, అందులో వెచ్చటి తైలం పోసి, చల్లారుతున్న కొద్దీ మారుస్తూ సుమారు అరగంట ఉంచుతాం. ఆ తరువాత చేసే మర్దన తేలికగానే ఉంటుంది. జ్వరం ఉన్నప్పుడు, అజీర్ణం ఉన్నప్పుడు అభ్యంగం చేయవద్దని మా గ్రంథాలు స్పష్టంగా నిషేధించాయి. ఎవరికి చేయకూడదో చెప్పకుండా అందరికీ ఒకే ప్యాకేజీ అమ్మే చోట్లకు ఆయుర్వేదం అన్న పేరు తగదు.

సందేహి

తైలధార గారూ, వెచ్చదనం గురించి మీరు చెప్పినదానితో ఏకీభవిస్తాను. అమెరికా వైద్యుల సంఘం (అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్) 2017లో ఇచ్చిన మార్గదర్శకాలలో, కొత్తగా వచ్చిన నడుము నొప్పికి మందుల కన్నా ముందు ప్రయత్నించదగినవిగా కాపడం, మసాజ్, ఆక్యుపంక్చర్ వంటివి పేర్కొన్నారు. వాటిలో కాపడానికి ఉన్న ఆధారమే మిగతావాటి కన్నా మెరుగైనది. ఒక్క ప్రశ్న. నూనెలోని మూలికలు చర్మం దాటి డిస్కు దాకా చేరతాయని కొందరు చెప్తుంటారు. మీ ఉద్దేశం కూడా అదేనా?

తైలధార

నేను నా రోగులకు ఆ మాట చెప్పను. వెచ్చదనం వల్ల, స్పర్శ వల్ల కండరాల బిగువు తగ్గి, మనిషి కదలడానికి భయపడడం మానుతాడని మాత్రం చెప్తాను. నేను కళ్లారా చూస్తున్నది అదే.

డాలస్ తెలుగమ్మాయి

నేను టెక్సస్‌లో లైసెన్సు పొందిన మసాజ్ థెరపిస్టును. ఇక్కడ లైసెన్సు రావాలంటే 500 గంటల శిక్షణ, పరీక్ష తప్పనిసరి. ఆ శిక్షణలో చేతి పనితనంతో సమానంగా మాకు నేర్పేది, ఎవరిని బల్ల మీద పడుకోబెట్టకుండా వెనక్కి పంపాలన్నది. కొత్తగా వచ్చినవారిని నేను ముందుగా అడిగేవి ఇవి: రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, ఈ మధ్య ఆపరేషన్ జరిగిందా, సుదీర్ఘ విమాన ప్రయాణం చేశారా, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉందా, ఎప్పుడైనా కేన్సరుకు చికిత్స జరిగిందా, ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు వాడారా. పిక్క వాచి నొప్పిగా ఉంటే సిరలో రక్తపు గడ్డ ఉండవచ్చు. దానిని పిసికితే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు వైద్య పత్రికలలో నమోదై ఉన్నాయి.

ఇక్కడికి వచ్చే మన తెలుగువారిలో ఒక అలవాటు చూస్తుంటాను, చెప్తే ఏమీ అనుకోకండి. నొప్పి పుడుతున్నా నోరు విప్పరు. ఇచ్చిన డబ్బుకు తగ్గట్టు గట్టిగా చేయించుకోవాలన్న పట్టుదల కొందరిది, చేసేవారిని మధ్యలో ఆపితే బాగుండదన్న మొహమాటం మరికొందరిది. దయచేసి చెప్పండి. "ఇక్కడ కొంచెం తగ్గించండి" అన్న మాట మా పనిని సులభం చేస్తుంది.

బాలింత తల్లి

నాకు రెండు వారాల క్రితం సిజేరియన్ అయింది. నడుము విపరీతంగా లాగుతోంది. అత్తయ్య గారు ఊరి నుంచి ఒకామెను పిలిపించి, వేడి నీళ్ల స్నానానికి ముందు నడుము, కాళ్లు గట్టిగా మర్దన చేయిస్తామంటున్నారు. మా అమ్మకు, అక్కలకు కూడా అలాగే చేశారట. చేయించుకోవచ్చునా?

సాగరతీర ఫిజియో

అమ్మా, మీరు వైద్యురాలిని అడగకుండా కాళ్లకు గట్టి మర్దన చేయించుకోకండి. ప్రసవం తరువాత మొదటి ఆరు వారాలలో సిరలలో రక్తం గడ్డకట్టే అవకాశం మామూలు కన్నా ఎక్కువగా ఉంటుంది, సిజేరియన్ అయితే ఇంకా ఎక్కువ. ఒక పిక్క వాచినా, ఎర్రబడినా, ఆయాసం వచ్చినా మర్దన మాట అటుంచి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అటువంటి లక్షణాలేవీ లేకపోతే, మీ డాక్టరమ్మ సరేనన్న మీదట, పక్కకు తిరిగి పడుకుని నడుము పైన, భుజాల పైన తేలికగా నూనె రాయించుకోవడంలో తప్పు లేదు. కుట్ల మీద, పొట్ట మీద చేయి పడకూడదు. బిడ్డకు పాలిచ్చేటప్పుడు ముందుకు వంగకుండా వీపు వెనుక దిండు పెట్టుకుని, బిడ్డ కింద మరొక దిండు పెట్టి రొమ్ము ఎత్తుకు తెచ్చుకోండి. ఆ ఒక్క మార్పు వల్ల కూడా ఈ లాగుడు చాలావరకు తగ్గవచ్చు. అత్తయ్య గారితో వాదించవద్దు. మర్దన వద్దన్నట్టు కాకుండా, డాక్టరు తేలికగా చేయించుకోమన్నారని చెప్పండి.

గచ్చిబౌలి బాటసారి

అందరికీ కృతజ్ఞతలు. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. డిస్కు ఉబ్బు ఉన్నప్పుడు మోచేత్తో నొక్కితే అది మరింత జారిపోతుందేమోనని నా భయం. అలాగే ఇంటి దగ్గర ఒక స్పాలో వాకబు చేస్తే, గంటన్నరపాటు ఒళ్లంతా డీప్ టిష్యూ చేస్తామని, పది సార్లకు ముందుగా డబ్బు కడితే తగ్గింపు ఇస్తామని చెప్పారు. నా నొప్పి గురించి మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

సాగరతీర ఫిజియో

ముందు డిస్కు సంగతి. నొప్పే లేని మనుషులకు తీసిన స్కాన్లను 2015లో ఒకచోట చేర్చి పరిశీలించినప్పుడు, ఇరవై ఏళ్లవారిలో 30 శాతం మందికి, ఎనభై ఏళ్లవారిలో 84 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపించింది. కనుక మీ రిపోర్టులోని ఆ మాటే మీ నొప్పికి కారణమని తేల్చడానికి లేదు. వీపు మీద చేసే మసాజ్ చర్మం, కొవ్వు, కండరాల పొరల మీద పని చేస్తుంది. అనుభవం ఉన్నవారు చేసే ఒత్తిడి ముందువైపున, ఎముకల మధ్యన ఉన్న డిస్కును లోపలికి నెట్టదు, బయటకు తోయదు. "జారిన డిస్కును మసాజుతో లోపలికి ఎక్కిస్తాం" అనేవారి దగ్గరకు మాత్రం వెళ్లకండి. కాలిలో బలం తగ్గుతున్నా, మూత్రం మీద అదుపు తప్పినా, కూర్చునే చోట, అంటే మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపున స్పర్శ తెలియకపోయినా అది నరాల గుత్తి నలుగుతున్నదనడానికి సూచన. అప్పుడు గంటలు కూడా విలువైనవే. నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

స్పా గురించి. అక్కడ నైపుణ్యం ఉన్నవారు ఉండరని అనను. కానీ మన దేశంలో స్పాలో పని చేసేవారికి టెక్సస్‌లో ఉన్నటువంటి లైసెన్సు విధానం లేదు. ఫిజియోథెరపిస్టు నాలుగేళ్లకు పైగా శరీర నిర్మాణం, వ్యాధులు చదివి వస్తారు. నొప్పి ఎక్కడిదో పరీక్షించి, అవసరమైన చోటే చేస్తారు. మీవంటి నొప్పికి ఒళ్లంతా గంటన్నర అవసరం లేదు. నడుము, పిరుదులు, తొడల వెనుక భాగం కలిపి ముప్పై నలభై నిమిషాలు సరిపోతుంది. పది సార్ల డబ్బు ముందుగా కట్టకండి. మూడు నాలుగు సార్లకు వంగడంలో, కూర్చోవడంలో, నిద్రలో ఏ మార్పూ లేకపోతే పదిసార్లు చేయించుకున్నా ఫలితం వేరుగా ఉండే అవకాశం తక్కువ.

మిమ్మల్ని ఒక ప్రశ్న అడగాలి. ఉదయం లేవగానే నడుము బిగువు ఎంతసేపు ఉంటోంది? విశ్రాంతితో పెరిగి, నడిస్తే తగ్గుతోందా? నలభై అయిదేళ్లలోపు మొదలై, తెల్లవారుజామున నిద్ర లేపేంతగా ఉండి, అరగంటకు మించి బిగువు విడవకపోతే అది వెన్ను కీళ్ల వాపు కావచ్చు. దానికి మసాజ్ మందు కాదు, రుమటాలజిస్టును, అంటే కీళ్లవాతాల నిపుణుడిని, కలవాలి.

గచ్చిబౌలి బాటసారి

లేచిన అయిదు పది నిమిషాలకే సర్దుకుంటుంది. నిద్రలో నొప్పి లేదు. ఎక్కువసేపు కూర్చుంటేనే వస్తుంది.

సాగరతీర ఫిజియో

అలాగైతే మీకు మసాజ్ ప్రయత్నించదగినదే, కానీ దానిని ఒంటరిగా వాడకండి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా చేతితో చేసే చికిత్సలను వ్యాయామంతో కలిపి మాత్రమే ఇవ్వాలని చెప్తున్నాయి. మసాజ్ తరువాత ఒకటి రెండు రోజులు నడుము తేలికగా ఉంటుంది. అది తుప్పు పట్టిన గొళ్లెంలో నూనె చుక్క వేయడం లాంటిది. వేసిన వెంటనే నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పకపోతే మళ్లీ బిగుసుకుంటుంది. మీరు మధ్యలో వదిలేసిన వ్యాయామాలను ఆ రోజులలోనే మొదలుపెట్టండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు ముడిచి తుంటిని పైకి లేపడం, నాలుగు కాళ్ల మీద నిలబడినట్టుండి ఎదురెదురు చేయి, కాలు చాచడం, ఈ రెండూ చాలు. మసాజ్ జరిగిన రోజున మాత్రం జిమ్‌లో బరువులు ఎత్తకండి. మరునాడు కొద్దిగా పచ్చిగా అనిపించడం మామూలే. అది రెండు రోజులు దాటితే తరువాతిసారి ఒత్తిడి తగ్గించమనండి. మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారితే మాత్రం కండరం బాగా దెబ్బతిన్నదని అర్థం, ఆలస్యం చేయకుండా వైద్యుడిని కలవాలి. అది చాలా అరుదు.

సందేహి

దీనికి నడకను కూడా చేర్చవలసిందిగా కోరుతున్నాను. ఆస్ట్రేలియాలో 701 మందితో చేసిన పరిశోధన 2024లో వచ్చింది. నడుము నొప్పి నుంచి కోలుకున్నవారికి క్రమంగా పెంచుకుంటూ పోయే నడకను నేర్పితే, మళ్లీ నొప్పి రావడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 208 రోజులు; నేర్పనివారిలో 112 రోజులు. వారు పెట్టుకున్న లక్ష్యం వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట. ఖర్చు దృష్ట్యా చూసినా పది సార్ల ప్యాకేజీ దీనితో పోటీ పడలేదు.

పెన్న ఒడ్డు పెద్దాయన

నడక విషయంలో నాకూ అభ్యంతరం లేదు. మా ఇంట్లో ఆమెకు డెబ్బై దాటింది, నడుము నొప్పి ఉంది, ఎముకలు గుల్లబారాయని మందులు వాడుతోంది. నడుముకు బెల్టు పెట్టి, మనవడి చేత పిసికించుకుంటూ ఉంటుంది. ఆమెకు ఏం చెప్పమంటారు?

సాగరతీర ఫిజియో

పెద్దాయన గారూ, ఆమెకు ఒత్తిడి పెట్టే మసాజ్ వద్దు. అరచేత్తో తేలికగా నూనె రాయడం, గుడ్డ చుట్టిన వేడి నీళ్ల సంచితో కాపడం సరిపోతాయి. దీర్ఘకాలిక నడుము నొప్పి గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు మసాజును పరిమితమైన సిఫారసుతో అంగీకరించాయి గానీ నడుము బెల్టును మాత్రం వద్దన్నాయి. కనుక ఎముకల వైద్యుడు ప్రత్యేకంగా చెప్పి ఉంటే తప్ప, బెల్టు వాడకాన్ని కొద్దికొద్దిగా తగ్గించవచ్చు. ఈ మధ్య ఎప్పుడైనా జారి పడ్డారా, నొప్పి ఉన్నట్టుండి పెరిగిందా, ఎత్తు తగ్గినట్టు అనిపిస్తోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, ఎవరూ ఆమె నడుము మీద చేయి వేయకముందే ఒక ఎక్స్‌రే తీయించండి.